గలతీ 5వ అధ్యాయం: యవనస్థులకి స్వాతంత్ర్యం గురించి ఏ వరసలో చెప్పాలి?

నాగావళి_ఒడ్డు (శ్రీకాకుళం)

అందరికీ వందనాలు. యవనస్థుల కూటమికి గలతీ పత్రిక 5వ అధ్యాయం నాలుగు ఆదివారాలు చెప్పాలి. ఒక్కో ఆదివారం 40 నిమిషాలు. వచ్చేవాళ్లు ఇంటర్, డిగ్రీ పిల్లలు, పైడిభీమవరం కంపెనీల్లో షిఫ్టులు చేసేవాళ్లు. ఏం అడుగుతారో ముందే తెలుసు: ప్రసాదం పెడితే ఏం చెయ్యాలి, బంగారం పెట్టుకోవచ్చా, దశమభాగం (రాబడిలో పదో వంతు) ఇవ్వకపోతే శాపమా. యూట్యూబ్‌లో ఒకరు "అన్నీ మానెయ్యాలి" అంటారు, ఇంకొకరు "కృప ఉంది, ఏదీ తప్పు కాదు" అంటారు. పిల్లలు రెండూ వింటున్నారు. వచనాలు నా దగ్గర ఉన్నాయి. వాటిని ఏ వరసలో పెట్టాలి, ఎక్కడ జారిపోతారు, ఇది కావాలి.

బొబ్బిలి_మాస్టారు

బాబూ, 5:1 దగ్గర మొదలెట్టకు. 2వ అధ్యాయం దగ్గర మొదలెట్టు. గలతీయ సంఘాలకి వచ్చిన చిక్కు ఏంటో తెలియకుండా స్వాతంత్ర్యం అనే మాట చెబితే ఎవరికి నచ్చిన అర్థం వాళ్లు తీసుకుపోతారు.

చిక్కు ఇది. గలతీయ ఇప్పటి టర్కీ దేశంలో ఉంది. అక్కడ అన్యజనుల్లోంచి, అంటే యూదులు కానివాళ్లలోంచి, విశ్వసించినవాళ్ల దగ్గరికి కొందరు వచ్చి, "క్రీస్తుని నమ్మడం మంచిదే, కానీ సున్నతి కూడా చేయించుకుంటేనే మీరు పూర్తిగా దేవుని ప్రజలు" అన్నారు. ఈ పత్రిక రాసిన పౌలు కోపం అంతా ఆ "కూడా" మీద. 5:3 చూడు: సున్నతి పొందినవాడు ధర్మశాస్త్రం అంతా ఆచరించడానికి బద్ధుడు. ఒక్క షరతు ఒప్పుకుంటే మొత్తం లెక్క మళ్లీ నెత్తిమీదకి వస్తుంది.

ఇప్పుడు పిల్లల చేత రెండు చోట్లు పక్కపక్కన చదివించు. గలతీ 2:3-5లో పౌలుతో ఉన్న గ్రీసు దేశస్థుడు తీతుకి సున్నతి చేయించాలని ఒత్తిడి వస్తే పౌలు గడియసేపు కూడా లొంగలేదు. అపొస్తలుల కార్యములు 16:3లో అదే పౌలు తిమోతికి తానే సున్నతి చేయించాడు. ఒకే మనిషి, ఒకే పని, రెండు జవాబులు. ఎందుకు? తీతు విషయంలో "ఇది లేకపోతే రక్షణ లేదు" అన్నారు. లొంగితే సువార్తే పోతుంది. తిమోతి తల్లి యూదురాలు, తండ్రి గ్రీసు దేశస్థుడు. సున్నతి లేకపోతే ఆ ప్రాంతపు యూదుల మధ్య అతను పనిచెయ్యలేడు. అక్కడ ఎవరూ దాన్ని రక్షణకి షరతు చెయ్యలేదు. అందుకే పౌలు ఇష్టపూర్వకంగా వదులుకున్నాడు.

ఏ ప్రశ్న వచ్చినా ముందు అడగాల్సింది ఇదే: నా ముందున్నది తీతు పరిస్థితా, తిమోతి పరిస్థితా? షరతు పెట్టి అడిగితే లొంగకూడదు. మనిషి కోసమైతే లొంగొచ్చు. పిల్లలు ఇది పట్టుకుంటే మిగతా మూడు వారాలూ సులువు.

వంశధార (టెక్కలి)

మాస్టారు చెప్పినదానికి పాత నిబంధన పునాది కూడా వెయ్యండి బ్రదర్. లేకపోతే 5:1లో "మరల దాస్యమను కాడి" కింద చిక్కుకోవద్దన్నది ఉత్త మాటలా వినిపిస్తుంది.

నిర్గమ 21:2 ప్రకారం హెబ్రీ దాసుడు ఆరేళ్లు పనిచేసి ఏడో ఏట ఏమీ చెల్లించకుండా వెళ్లిపోవాలి. ద్వితీయోపదేశ 15:13-14లో వట్టి చేతులతో పంపకూడదని ఉంది. మందలోంచి, కళ్లంలోంచి, ద్రాక్షగానుగలోంచి ధారాళంగా ఇచ్చి పంపాలి. లేవీ 25లో యాభయ్యో ఏడు సునాదం, అంటే విడుదల ఏడు. ఏడో నెల పదో రోజున, అంటే ప్రాయశ్చిత్త దినాన, బూర ఊదుతారు. పాప పరిహారం, విడుదల ఒకే రోజున ప్రకటించారన్నది తప్పకుండా చెప్పండి. అయితే అదే అధ్యాయం 44-46 వచనాల్లో అన్యజనుల దాసులకి ఈ విడుదల వర్తించదు. తెలివైన పిల్ల ఎవరో ఒకరు అడుగుతారు. దాచకండి. లూకా 4:18లో ప్రభువు చదివిన విడుదల, గలతీ 3:28 వరకు వచ్చేసరికి ఆ గోడ కూడా కూలిందని చూపించండి.

యిర్మీయా 34 కూడా చదివించండి. సిద్కియా రాజు కాలంలో యెరూషలేము పెద్దలు నిబంధన చేసి దాసులని విడిచిపెట్టారు, తర్వాత మనసు మార్చుకుని వాళ్లనే మళ్లీ పట్టుకొచ్చారు. దేవుని తీర్పు ఆ పనిమీదే. "మరల" కాడికింద చిక్కుకోవద్దన్న మాట బరువు అప్పుడు తెలుస్తుంది.

మన ఊళ్లలో కంబారితనం (రైతు దగ్గర పాలేరుగా ఉండడం) సంగతి పిల్లలు తాతల దగ్గర విని ఉంటారు. దాన్ని పట్టుకుని ఒక్క పోలిక చెప్పొచ్చు. 1976 వెట్టిచాకిరీ రద్దు చట్టం ప్రకారం వెట్టి అప్పు పూర్తిగా రద్దు. రద్దయ్యాక ఆ అప్పు కింద యజమాని మళ్లీ డబ్బు పుచ్చుకుంటే అది నేరం, 3 ఏళ్ల వరకు జైలు. రద్దయిన అప్పుకి వసూలు అడుగుతున్నవాళ్లే గలతీయకి వచ్చిన ఆ బోధకులు.

సాలూరు_లూథరన్

బాగుంది. అయితే అప్పు రద్దు దగ్గర ఆపేస్తే "ఇక నాకు యజమాని లేడు" అనుకుంటారు. పౌలు అలా అనలేదు. రోమా 6:16-18లో ఉన్నది యజమాని మార్పు. పాపానికి దాసులు నీతికి దాసులయ్యారు. నడిమధ్యన ఎవరికీ చెందని ఖాళీ స్థలం పౌలు లెక్కలో లేదు.

సంస్కర్త మార్టిన్ లూథర్ 1520లో రాసినది రెండే వాక్యాల్లో ఇమిడిపోతుంది. క్రైస్తవుడు అందరికంటే స్వతంత్రుడు, ఎవరికీ లోబడినవాడు కాడు. క్రైస్తవుడు అందరికీ సేవకుడు, అందరికీ లోబడినవాడు. మొదటిది విశ్వాసం వల్ల, రెండోది ప్రేమ వల్ల. ఈ రెండూ గలతీ 5:1లోనూ 5:13లోనూ ఉన్నాయి. "ప్రేమ కలిగినవారై యొకనికొకడు దాసులైయుండుడి" అన్న మాట అదే అధ్యాయంలో పన్నెండు వచనాల తర్వాతే వస్తుంది. బోధకులు తప్పుపోయేది ఇక్కడే. 5:1 మీద ఒక ప్రసంగం, 5:13 మీద ఇంకో ప్రసంగం చేస్తారు. ఒకటి విన్నవాడు రెండోదానికి రాడు. రెండూ ఒకే ఆదివారం చెప్పండి.

1 పేతురు 2:16 కూడా రాసుకోండి. దుష్టత్వాన్ని కప్పిపెట్టడానికి స్వాతంత్ర్యాన్ని వాడొద్దని ఉంది. "కృప ఉంది" అనేవాళ్లకి అది సూటి జవాబు.

నాగావళి_ఒడ్డు

మాస్టారూ, తీతు-తిమోతి జత చాలా ఉపయోగం. ఇక ప్రసాదం సంగతి. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం వస్తే విజయనగరంలో చుట్టాలున్న ప్రతి పిల్లాడికీ ఇదే ప్రశ్న.

బొబ్బిలి_మాస్టారు

దీనికి కొంచెం తీరిగ్గా చెప్పాలి. 1 కొరింథీ 8 నుంచి 10 వరకు ఒకే వాదన, ముక్కలు చెయ్యకూడదు. పౌలు మూడు వేరు వేరు చోట్ల గురించి మాట్లాడుతున్నాడు. మూడింటికీ ఒకే జవాబు చెప్పబట్టే మన సంఘాల్లో గొడవ.

మొదటిది కొట్టు. 10:25: కటికవాని అంగడిలో అమ్మేదేదైనా మనస్సాక్షి కోసం ఏ విచారణా చెయ్యకుండా తినొచ్చు. కొరింథులో గుళ్లో బలి ఇచ్చిన మాంసంలో కొంత అంగడికి వచ్చేది, ఏది ఎక్కడిదో కొనేవాడికి తెలియదు. మన దగ్గర ఆదివారం మటన్ కొట్టు అంతే. ఎవరు కోశారు, ఏం చదివి కోశారు అని ఆరా తియ్యక్కర్లేదు. కారణం 26వ వచనం: భూమి, దాని పరిపూర్ణత ప్రభువువి.

రెండోది ఇల్లు. 10:27: అవిశ్వాసి భోజనానికి పిలిచి, నీకు వెళ్లాలనిపిస్తే వెళ్లు, వడ్డించింది తిను. పౌలు వెళ్లొద్దనలేదు. గ్రామదేవత పండక్కి చుట్టాలింటికి వెళ్లడమే పాపం అని చెప్పేవాళ్లు ఈ వచనం దాటి వెళ్తున్నారు. కానీ 28వ వచనంలో మలుపు ఉంది. "ఇది బలి అర్పించింది" అని ఎవరైనా చెబితే, చెప్పినవాడి కోసం తినొద్దు. 29లో అది నీ మనస్సాక్షి కాదు, ఎదుటివాడి మనస్సాక్షి అని స్పష్టంగా ఉంది. అమ్మవారికి మొక్కిన యాట కూర అని అత్త చెప్పి వడ్డిస్తే, కూర వద్దని పప్పన్నం తినొచ్చు. లేచి వెళ్లిపోనక్కర్లేదు.

మూడోది గుడి పంక్తి, పూజ. 8:10, 10:20-21. అక్కడ పౌలు సడలింపు ఇవ్వడు. ప్రభువు బల్లలోనూ ఆ బల్లలోనూ రెండింటిలో పాలుపొందలేమంటాడు. తిండి కంటే ఆరాధనలో భాగస్వామ్యం అక్కడ ముఖ్యం.

మర్యాద సంగతి కూడా నేర్పు. పొరుగింటామె ప్రసాదం తెస్తే "అమ్మా, మీ అభిమానం నాకు చాలు, మా విశ్వాసం ప్రకారం ఇది తీసుకోలేను, ఇంట్లోకి రండి, టీ తాగి వెళ్లండి" అనాలి. తీసుకుని వెనక పెంటకుప్పలో పారెయ్యడం అబద్ధం, అవమానం కూడా. ఆమెకి తెలిస్తే నీ సువార్త మళ్లీ ఆ వీధిలో వినరు.

చీపురుపల్లి_జంక్షన్

మాస్టారు గారూ, నా అభిప్రాయం కొంచెం వేరు. 8:4లో విగ్రహం లోకంలో వట్టిదని పౌలే అన్నాడు కదా. పొరుగామె ప్రేమతో ఇచ్చిన లడ్డు తింటే నేను పూజలో పాలుపొందినట్టు ఎలా అవుతుంది? పక్కన బలహీనుడు ఎవరూ లేకపోతే తినొచ్చనే నేను చదువుతాను. 28లో "చెప్పినవాడి కోసం" అంటే ఆ చెప్పినవాడు తడబడేవాడైతేనే.

బొబ్బిలి_మాస్టారు

అలా చదివే వ్యాఖ్యాతలు ఉన్నారు, కాదనను. నాకు అడ్డొచ్చేది ఇదీ: ఆమె ఇచ్చేటప్పుడే అది ప్రసాదం అని చెబుతోంది, నువ్వు కళ్లకద్దుకుని తింటే నువ్వు కూడా మొక్కావని ఆమె అనుకుంటుంది. అయినా ఈ విషయంలో నీ మీద నేను తీర్పు తీర్చను. రోమా 14:5 ప్రకారం ఎవరి మనసులో వాళ్లు రూఢి చేసుకోవాలి. పిల్లలకి మాత్రం 14:23 చెప్పాలి: అనుమానంతో తినేవాడు దోషి. "తప్పేమో" అనుకుంటూ తినకూడదు.

"బలహీనుడు" అంటే ఎవరో కూడా విడమర్చాలి. 8:10లో బలహీనుడు నిన్ను చూసి, తన మనసుకి తప్పనిపించినా ధైర్యం చేసి అదే పని చేసేవాడు. నిన్నగాక మొన్న బాప్తిస్మం పొందిన కుర్రాడు, గుడి జ్ఞాపకాలు ఇంకా పచ్చిగా ఉన్నవాడు. ముప్పై ఏళ్లుగా సంఘంలో ఉండి "నాకు అది నచ్చదు, కాబట్టి నువ్వు మానెయ్" అనేవాడు బలహీనుడు కాడు. వాడు పెట్టేది షరతు. వాడితో తీతు దగ్గర నిలబడ్డట్టు నిలబడాలి.

వంశధార (టెక్కలి)

దీనికి అతికినట్టు ఇంకో ప్రశ్న వస్తుంది, సిద్ధంగా ఉండండి: మేక నెత్తురు వేపుడు. అపొస్తలుల కార్యములు 15:20, 29లో నాలుగు విడిచిపెట్టమన్నారు: విగ్రహాలకి అర్పించినవి, రక్తం, గొంతు పిసికి చంపినవి, జారత్వం. ఆర్థొడాక్సు సంఘాలు రక్తం నిషేధాన్ని ఇప్పటికీ పాటిస్తాయి. పాశ్చాత్య సంఘాల్లో ఆ ఆచారం కాలక్రమంలో సడలిపోయింది. యూదులు, అన్యులు ఒకే బల్ల దగ్గర కూర్చోవడానికి ఇచ్చిన ఏర్పాటు అని వాళ్ల వాదన. జారత్వం మాత్రం ఆ లెక్కలో సడలలేదు, ఎందుకంటే 1 కొరింథీ 6లో పౌలు దాన్ని వేరుగా నిషేధించాడు.

అరసవల్లి_రోడ్ (ఆర్.సి.ఎం.)

మీ చర్చ చదువుతున్నాను, ఒక మాట కలపొచ్చా? మా కాథలిక్కుల దగ్గర విభూతి బుధవారం, శుభ శుక్రవారం ఉపవాసం నియమం. 18 నిండినవాళ్లు మొదలుకొని 59 నిండేవరకు ఉపవాసం, 14 నిండినవాళ్లకి మాంసం మానడం. ఇది విన్న ప్రొటెస్టెంట్ స్నేహితులు "మీకు స్వాతంత్ర్యం లేదు" అంటారు. నియమం ఉన్నంత మాత్రాన దాస్యం కాదు. జబ్బుగా ఉన్నవాళ్లకి, గర్భిణులకి మినహాయింపు ఉంది. నియమాన్ని రక్షణ కొనుక్కునే సొమ్ముగా చూస్తే అది మా బోధ ప్రకారం కూడా తప్పే. మా సత్యోపదేశ గ్రంథంలో 1730 నుంచి 1748 వరకు ఉన్న పేరాల్లో మనిషి స్వాతంత్ర్యం గురించే ఉంది. మంచిని ఎంత ఎక్కువగా చేస్తే అంత ఎక్కువ స్వతంత్రులమవుతామని అక్కడి బోధ.

లూథరన్ అన్నయ్యకి తెలిసే ఉంటుంది, 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గ్‌లో కాథలిక్కులూ లూథరన్లూ నీతిమంతులుగా తీర్చబడడం గురించి ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేశాయి.

సాలూరు_లూథరన్

తెలుసమ్మా. విభేదాలన్నీ తీరలేదు, కానీ కృప వల్లే, మన యోగ్యత వల్ల కాదు అన్నచోట ఇద్దరం కలిశాం. మా వాళ్లకీ శ్రమల దినాల్లో క్రమం ఉంటుంది. నియమం ఉందా లేదా అన్నదాని కంటే, దాన్ని దేనికి వాడుతున్నామన్నది చూడాలి.

స్టాఫ్_నర్స్ (పాలకొండ)

నాలుగు వారాల్లో ఒకటి అలవాట్లకి ఇవ్వండి బ్రదర్. యోహాను 8:34: పాపం చేసే ప్రతివాడూ పాపానికి దాసుడు. యువతకి మందు, ఆన్‌లైన్ పేకాట, లోన్ యాప్‌లు. ఇక్కడ ప్రార్థన కూటాల్లో ప్రమాదకరమైన పొరపాటు ఒకటి జరుగుతుంది. రోజూ బాగా తాగే మనిషిని "ఈ క్షణం విడుదల పొందావు" అని చెప్పి, ఆ రోజు నుంచి మూడు రోజులు ఉపవాస ప్రార్థనలో కూర్చోబెడతారు.

శరీరం అలా మారదు. చాలా ఏళ్లుగా రోజూ తాగేవాళ్లు ఒక్కసారి ఆపితే 6 గంటల నుంచి చేతులు వణకడం, చెమట, నిద్ర లేకపోవడం మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో మూర్ఛ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య లేనివి కనిపించడం, మతి తప్పడం, జ్వరం వస్తాయి. దాన్ని దయ్యం అనుకుని కట్టేస్తారు. అది వైద్యం అందకపోతే ప్రాణం తీసే స్థితి. దానికి తోడు తిండి, నీళ్లు లేకపోతే ఇంకా కీడు. ఆసుపత్రిలో థయామిన్ ఇంజెక్షను, వణుకు తగ్గే మందులు ఇచ్చి 5 నుంచి 7 రోజులు చూస్తారు. ఇంతకు ముందు ఆపినప్పుడు మూర్ఛ వచ్చినవాళ్లని ఇంట్లో ఆపనివ్వకండి. దారి తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ నంబరు 14416కి ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.

ఆ తర్వాతే రోమా 6:11-13. ఎంచుకోవడం, ఏలనియ్యకపోవడం, అవయవాలని అప్పగించడం. అప్పగించడం అంటే జరిగే పని: జీతం రోజు సాయంత్రం ఎవరితో ఉండాలి, ఏ దారిన ఇంటికి రావాలి, ఫోన్‌లో ఏ యాప్ తియ్యాలి. మళ్లీ తాగితే సంఘంలోంచి తోసెయ్యకండి. గలతీ 6:1 సాత్వికంతో మంచిదారికి తీసుకురమ్మంటోంది.

నాగావళి_ఒడ్డు

అక్కా, ఇది నేను అసలు ఆలోచించని కోణం. మూడో వారం మొత్తం దీనికే. బంగారం, దశమభాగం గురించి కూడా ఎవరైనా క్లుప్తంగా చెప్పండి.

చీపురుపల్లి_జంక్షన్

బంగారం: 1 పేతురు 3:3లో జడలు అల్లుకోవడం, బంగారు నగలు, వస్త్రాలు ధరించుకోవడం మూడూ ఒకే వరసలో ఉన్నాయి. బంగారం పూర్తి నిషేధం అంటే వస్త్రాలు కూడా నిషేధం అనాలి. అక్కడ మాట అలంకారం దేనిమీద ఆధారపడాలన్నది. పేదింటి పెళ్లికి అప్పు చేసి నగలు చేయించడం వేరే సంగతి, దాని గురించి గట్టిగా మాట్లాడండి.

దశమభాగం: ధర్మశాస్త్రంలో అది ఒక్కటి కాదు. లేవీయులకి (సంఖ్యా 18:21), పండగలో కుటుంబంతో తినడానికి (ద్వితీ 14:22-27), మూడో ఏట పేదలకి (ద్వితీ 14:28-29). మలాకీ 3:9 శాపం చూపించి ఒక్కటే వసూలు చేసేవాళ్లు మిగతావి చెప్పరు. గలతీ 3:13 ప్రకారం క్రీస్తు మనల్ని ధర్మశాస్త్ర శాపం నుంచి విమోచించాడు. అలాగని ఇవ్వడం మానమని కాదు. 2 కొరింథీ 9:7: సణుక్కోకుండా, బలవంతం లేకుండా, హృదయంలో నిశ్చయించుకున్నట్టు. పదో వంతు మంచి కొలత, చాలామంది సంతోషంగా ఇస్తారు. కోతపండక్కి ధాన్యం మూటలు తెచ్చేవాళ్లని ఎవరూ బెదిరించరు కదా. నెలకి 12,000 జీతంలో 5,000 అప్పు వాయిదా కట్టే కుర్రాడిని శాపం పేరుతో భయపెట్టడం మాత్రం తీతుకి సున్నతి అడిగినట్టే.

పార్వతీపురం_గిరి

ఒకటి మీరంతా దాటేశారు. గలతీ 2:11-14. అంతియొకయలో పేతురు అన్యజనులతో కలిసి భోంచేసేవాడు. యెరూషలేము సంఘ పెద్ద యాకోబు దగ్గర్నుంచి మనుషులు రాగానే భయపడి వేరే కూర్చున్నాడు. పౌలు అందరి ముందూ ఎదిరించాడు, అది సువార్త సత్యం చొప్పున నడవడం కాదన్నాడు. మన జిల్లాల్లో పిల్లలకి స్వాతంత్ర్యం గురించి చెబుతూ కులం మాట ఎత్తకపోతే ఎలాగ? పెళ్లి విందులో ఎవరు ఏ పంక్తిలో కూర్చుంటున్నారు, సమాధుల తోటలో ఎవరికి ఏ మూల ఇస్తున్నారు, సంఘ పెద్దలుగా ఎవరి పేర్లు వస్తున్నాయి, ఇవి అడగండి. విగ్రహాల కూర గురించి మూడు అధ్యాయాలు చదివి, సొంత సంఘంలో పంక్తిభేదం చూడకపోతే పేతురు తప్పే మనదీ.

ప్రభుత్వం లెక్క వేరు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల క్రైస్తవులైన దళితులకి ఎస్సీ హోదా ఉండదు, మన రాష్ట్రంలో బీసీ-సీలో చేరుస్తారు. పిల్లలు ఇది కూడా అడుగుతారు. అది చట్టం, హక్కుల ప్రశ్న, దాని పోరాటం దానికి ఉంది. కానీ సంఘం లోపల ఒకే రొట్టె విరవడానికి ఏ ఉత్తర్వూ అడ్డు రాదు.

బొబ్బిలి_మాస్టారు

గిరి చెప్పింది మొదటి వారంలోనే పెట్టు బాబూ. తీతు సంగతీ పేతురు సంగతీ ఒకే అధ్యాయంలో ఉన్నాయి, విడదియ్యక్కర్లేదు.

నాగావళి_ఒడ్డు

పెద్దలందరికీ కృతజ్ఞతలు. వరస ఇలా వేసుకున్నాను. మొదటి వారం గలతీ 2, తీతు-తిమోతి, అంతియొకయ బల్ల. రెండో వారం గలతీ 5:1తో 5:13, నిర్గమ 21, యిర్మీయా 34, రోమా 6. మూడో వారం అలవాట్లు, నర్సు అక్క చెప్పినది, గలతీ 5:16-25. నాలుగో వారం 1 కొరింథీ 8, 10 అధ్యాయాలు, చివర్లో 20 నిమిషాలు ప్రశ్నలకి.

బొబ్బిలి_మాస్టారు

నాలుగో వారంలో 9వ అధ్యాయం వదిలేశావు. వదలకు. మాంసం గురించి మాట్లాడుతూ మధ్యలో పౌలు తన జీతం సంగతి ఎందుకు ఎత్తాడని పిల్లలు అడగాలి. సువార్త ప్రకటించేవాడికి సువార్త వల్ల జీవించే హక్కు ఉందని 14వ వచనం వరకు రుజువు చేసి, 15లో ఆ హక్కు నేను వాడుకోలేదంటాడు. 19లో "నేను అందరి విషయము స్వతంత్రుడనై యున్నను" అని మొదలెట్టి అందరికీ దాసుణ్ని చేసుకున్నానంటాడు. 8వ అధ్యాయంలో వాళ్లని వదులుకోమన్నది తాను ముందే వదులుకుని చూపిస్తున్నాడు. మూడు అధ్యాయాలూ కలిపి 73 వచనాలు. 40 నిమిషాల్లో చదివించి, చెప్పి, ప్రశ్నలు తీసుకోలేవు. మూడో వారం చివర్లోనే ఇంటికి చదువుకి ఇచ్చెయ్, కంపెనీ షిఫ్టు పిల్లలకి ఆడియో బైబిల్ పంపు. ఒక దాసుడి గురించి పౌలు రాసిన ఫిలేమోను పత్రిక 25 వచనాలే కాబట్టి అది కూటమిలోనే చదివించొచ్చు, రెండో వారం మొదట్లో.